పొయ్యికొక వంతు

మా ముక్బిల్ పెదనాన్న తన ఇంటి రొట్టెల పొయ్యిని గడ్డపారతో పగలగొట్టిన రోజున నేను పక్కనే ఉన్నాను. మనవరాలి పెళ్లి ఆపడానికి పొయ్యి పగలగొట్టిన మనిషి మా అమ్రాన్ మెట్ట మొత్తం మీద ఆయనొక్కడే. మనవరాలి పేరు నూరియా. అప్పటికి పదమూడేళ్లు. ఆ పెళ్లి ఆగిందా లేదా అన్నదే నేను చెప్పబోయేది. మధ్యలో కొన్ని కోతలు కోస్తాను, అది నా అలవాటు. అంకెలు మాత్రం కోతలు కావు. అంకెలు నూరియావి.

పెదనాన్న మా ఊరు బైత్ సర్హాన్‌కు నీరుగంటి. ఊరికి ఉన్నది ఒకటే బావి. దాన్ని తవ్వింది ఆయన తండ్రి, అంటే మా తాత. ఉలితో, సుత్తితో, తోలు బొక్కెనతో ఏడేళ్లు తవ్వాడు. ఇరవై ఎనిమిది బారల లోతున నీళ్లు పడ్డాయి. పడ్డ రోజున నీళ్లు ఎంత ఎగదన్నాయంటే తాత తాడు పట్టుకోకుండానే పైకి తేలి వచ్చాడని, చంకలో ఒక చేప కూడా ఉందని నేను చిన్నప్పుడు బడిలో చెప్పాను. మేస్టారు కొట్టాడు. చేప సంగతి అబద్ధమే. తాత తేలి వచ్చిన సంగతి నిజం. ప్రాణం లేకుండా వచ్చాడు. పైన తాడు పట్టుకుని నిలబడ్డవాడు పద్నాలుగేళ్ల ముక్బిల్.

ఆ బడిని నేను నాలుగో తరగతిలో వదిలేశాను. చదువు రాక కాదు. ఒక్కో బెంచీ మీద తొమ్మిది మందిమి కూర్చునేవాళ్లం. నేను లేస్తే ఇద్దరికి చోటు దొరికింది. ఊరి కోసం నేను చేసిన త్యాగాల్లో అది మొదటిది. ఇంట్లోనూ అంతే ఇరుకు. మా అమ్మ కన్నవాళ్లలో నేను ఏడోవాణ్ని. నన్ను పిలవాలంటే పైన ఆరుగురి పేర్లూ పిలుచుకుంటూ దిగి రావాలి. ఆవిడ నా పేరు దాకా వచ్చేలోపు నేను సంతకు వెళ్లి తిరిగొచ్చేవాణ్ని.

నీళ్లు పంచడానికి పెదనాన్న దగ్గర ఒక ఇత్తడి గిన్నె ఉండేది, అడుగున సూదిమొనంత చిల్లుతో. తొట్టి నీళ్లలో దాన్ని తేలవేస్తే మెల్లగా నిండి మునుగుతుంది. అది మునిగేదాకా ఎవరి వంతైతే వాళ్ల కాలవలోకి నీళ్లు పారతాయి. మునగ్గానే మడవ తిప్పేస్తాడు. తరవాత ఊళ్లోకి చేతి గడియారాలు వచ్చాయి గాని నీళ్ల దగ్గర పనికిరాలేదు. ఎవరి గడియారం వాళ్లింటివైపే నడిచేది.

మా ఊరు పద్నాలుగు మంది అన్నదమ్ముల సంతతి. అందుకని నీళ్లు కూడా పద్నాలుగు వంతులుగా ఉండేవి. కాలం గడిచేకొద్దీ ఒక వంతులో ముసలీ ముతకా నలుగురే మిగిలారు. పక్క వంతులో యాభై మంది అయ్యారు. యాభై మంది దాహంతో కూర్చుంటే నలుగురు మనుషులు ద్రాక్షతోటకు నీళ్లు పెట్టుకునేవాళ్లు. ఒక మధ్యాహ్నం మడవ దగ్గర మాటా మాటా పెరిగి ఒక మనిషిని పారతో కొట్టి చంపారు. చచ్చినవాడికి నాలుగేళ్ల కొడుకున్నాడు, గాలిబ్ అని. ఆ పేరు గుర్తుంచుకోండి.

పగ ఊరంతా అంటుకోకముందే రెండు పక్షాలవాళ్లూ నడుముల నుంచి వంకర బాకులు తీసి పెదనాన్న ముందు పరిచారు. మా దగ్గర బాకు తీసి ఒకడి ముందు పెట్టామంటే, నువ్వు చెప్పిందే తీర్పు, మాకూ మా పిల్లలకూ అదే కట్టుబాటు అని. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నారంటే ఆయనకు పెళ్లై పదేళ్లయినా పిల్లల్లేరు. ఎవరికీ దోచిపెట్టే అవసరం లేనివాడు.

మనిషికింత అని పంచితే తీరిపోయేదే. కానీ మా ఊళ్లో పిల్లల్ని లెక్కపెట్టరు. లెక్కపెడితే దిష్టి తగులుతుంది. నీకెంతమంది అని అడిగితే దేవుడిచ్చినంతమంది అంటారు. ప్రభుత్వంవాళ్లు జనాభా లెక్కలకు వచ్చినప్పుడు సగం పిల్లల్ని జొన్నచొప్ప వెనక దాచారు, మిగతా సగాన్ని పక్కింటివాళ్ల పిల్లలన్నారు. ఆ పక్కింటివాళ్లూ అదే మాటన్నారు. ఆ లెక్క ప్రకారం మా ఊళ్లో పుట్టినవాడంటూ ఎవడూ లేడు.

మూడు రోజులు ఆలోచించి పెదనాన్న తీర్పు చెప్పాడు. తలల్ని లెక్కపెట్టను, పొయ్యిల్ని లెక్కపెడతాను. తన్నూర్, అంటే ఆడవాళ్లు రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి, ఏ ఇంట్లో పొగ లేస్తే ఆ ఇంటికి వారానికి మూడు గిన్నెల నీళ్లు. కొత్త పొయ్యికి వంతు ఏటా పండగ అయ్యాక, మధ్యలో ఏ పొయ్యి అయినా ఆరితే ఆ వంతు వెంటనే తరవాతి కొత్త పొయ్యికి. జనం ఆయన నుదురు ముద్దు పెట్టుకున్నారు. చంపినవాళ్లు తప్పు కింద ఎద్దును కోసి చచ్చినవాడి ఇంటి ముందు పెట్టారు. ఊరంతా తిన్నారు.

ఇంటికొస్తే తఖియ్య పెద్దమ్మ ఒక్క మాట అందట.

"మీ నాయన బావి తవ్వడానికి ఏడేండ్లు పట్టింది, పానం గూడా పోయింది. పొయ్యి కట్టడానికి నాకు అరపూట చాలు. ఏది ముందు అయిపోతాదో చూసుకో."

"అన్నం పెట్టు," అన్నాడట పెదనాన్న.

ఆ ఏడు ఊళ్లో పొయ్యిలు ఇరవై రెండు. పై ఏటికి నలభై. అంతకుముందు ఐదుగురు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, పిల్లలు ఒకే పొయ్యి రొట్టె తినేవాళ్లు. ఇప్పుడు ఐదు పొయ్యిలు కట్టి ఐదు ముక్కలయ్యారు. గొడ్ల చావిట్లో పొయ్యి, మిద్దె మీద పొయ్యి, మెట్ల కింద పొయ్యి. పొద్దున్నే దూరం నుంచి చూస్తే ఊరు తగలబడుతోందనుకునేవాళ్లు. దారినపోయే ఒకాయన నిజంగానే బొక్కెనతో పరిగెత్తుకొచ్చాడని చెబుతాను గాని మీరు నమ్మరు.

ఇక నా ఘనకార్యం. తీర్పు వచ్చి పదేళ్లయింది, నాకప్పుడు కొత్తగా పెళ్లయింది, ఒక పొయ్యి ఉంది. రెండోది మిద్దె మీద కట్టి అందులో తడి పిడకలు, పాత లారీ టైరు ముక్కలు వేసి రోజూ పొగబెట్టాను. రెండేళ్లు రెండు వంతుల నీళ్లు తీసుకున్నాను. ఊళ్లో నాకంటే తెలివైనవాడు లేడని కాఫీపొట్టు కషాయం తాగుతూ నలుగురికీ చెప్పాను కూడా. అదే కొంప ముంచింది. ఒక పొద్దున పెదనాన్న మెట్లెక్కి వచ్చి ఆ పొయ్యిలోకి తలపెట్టి వాసన చూశాడు.

"ఏం రొట్టె ఇది, జుబ్రాన్?"

"కొంచెం మాడింది పెదనాన్నా."

"ఏ బండి పిండితో చేసినావు నాయనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కిందకి దిగుతూ, "నీ ఒక్కడిదే అయితే నవ్వేవాణ్ని. ఇప్పటికి పదకొండు దొరికినాయి ఇట్లాంటివి," అన్నాడు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక తీర్పుకు ఇంకో ముక్క అతికించాడు. వట్టి పొగ చెల్లదు. పొయ్యి ముందు ఆ ఇంటి కోడలో భార్యో నిలబడి రొట్టె కాలిస్తేనే వంతు. దొంగ పొయ్యిల్ని ఆపడానికి అన్న మాట అది. నా టైరు కోసం అన్న మాట.

ఆ ఏడు మా ఊళ్లో పంతొమ్మిది పెళ్లిళ్లు జరిగాయి. పెళ్లికొడుకుల్లో గడ్డం గీసుకునే పనున్నవాళ్లు ఆరుగురు. మా ఆఖరి తమ్ముడికి పెళ్లిబట్టలు వేస్తుంటే గోలీలు ఎక్కడ దాచావని నన్నడిగాడు. నేనూ రెండో భార్యను తెచ్చుకున్నాను. మొదటామె, సరే నీళ్లొస్తాయి గదా, అంది. నీళ్లొచ్చాక నాతో మాట్లాడ్డం మానేసింది. నాకెంతమంది పిల్లలో చెప్పను. దిష్టి.

పెదనాన్నకు కూడా తీర్పు చెప్పిన రెండేళ్లకే దేవుడు తలుపు తీశాడు. మొదట హిజామ్ పుట్టాడు, ఆ తరవాత ఇంకో ముగ్గురు కొడుకులు. హిజామ్ పుట్టినప్పుడు పెదనాన్నకు ముప్పై నాలుగేళ్లు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ హిజామ్‌కు పదహారో ఏట పెళ్లయింది, వేరు పొయ్యి వచ్చింది. మిగతా ముగ్గురికీ అంతే. పెదనాన్న ఆపలేదు. తీర్పు చెప్పినవాడి కొడుకులకు మాత్రం నీళ్లు వద్దా?

వంతులు పెరిగేకొద్దీ గిన్నెలు తగ్గాయి. మూడు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి, తరవాత ఒక్కటి వారానికి కాదు, రెండు వారాలకు. బావికి మాత్రం లోతు పెరిగింది. చేదలు పోయి డీజిల్ ఇంజన్ వచ్చింది. ఇంజన్‌కు నీళ్లందకపోతే బోరు బండి వచ్చి తాత బావి అడుగున ఇంకో రంధ్రం వేసింది. వంద మీటర్లు, ఆపైన నూట ఎనభై, ఆపైన మూడు వందల ఇరవై. చివరికి నీళ్లు వెచ్చగా, తుప్పు వాసనతో రావడం మొదలుపెట్టాయి. నరకానికి దగ్గరపడ్డామని నేనంటే ఇమాం గారికి కోపం వచ్చింది. ద్రాక్ష ఎండిపోయింది. ఉన్న కాస్త నీళ్లూ ఖాత్ చెట్లకు పెట్టారు, ఎందుకంటే ఆ మత్తు ఆకు అమ్మితేనే బయటి నుంచి పిండి వస్తుంది. ఆ ఆకు నములుతూనే నీళ్లు తగ్గాయని రోజూ సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్లం.

నేను ఆపాటికి ఒక పాత ట్యాంకర్ కొన్నాను. ఇరవై కిలోమీటర్ల అవతలి వాగు దగ్గర్నుంచి నీళ్లు తెచ్చి అమ్ముతాను. ఊరి దాహం మీద బతుకుతున్నానని ఎవరన్నా అంటే, దాహం లేనివాళ్లకు అమ్మలేను గదా అంటాను.

ఇంక నూరియా. హిజామ్ కూతురు, బడికి వెళ్లేది. నేను మానేసిన తరగతి దాటి ఇంకో రెండు తరగతులు చదివిందని నన్ను తెగ ఏడిపించేది. "జుబ్రాన్ పెదనాన్నా, ఎనిమిది ఎనిమిదులెంత?" అని నలుగురిలో అడిగేది. "మా కాలంలో ఏడు దాకానే ఉండేవి," అనేవాణ్ని. బడి లేనప్పుడు పొద్దంతా తాత దగ్గరే, బావి గట్టున. గిన్నె మునగబోయేముందు చిన్న గుటక చప్పుడు చేస్తుంది. తాత చెవులు పోయాక ఆ చప్పుడు విని మడవ తిప్పమని చెప్పేది ఆ పిల్లే.

ఆ పిల్ల ఊరిని లెక్కపెట్టింది. పిల్లలెంతమంది అని అడిగితే ఎవరూ చెప్పరు గదా. అందుకని ప్రతి ఇంటికీ వెళ్లి, ఈ పూట ఎన్ని రొట్టెలు కాల్చారు అని అడిగింది. రొట్టెలకు దిష్టి లేదు. ఆడవాళ్లు గొప్పగా చెప్పారు. మనిషికి రెండు చొప్పున వేసుకుంది. పొయ్యిలు తొంభై ఆరు. రొట్టెలు రెండు వేల మూడు వందల పైన.

నేను ట్యాంకర్ కడుగుతుంటే గట్టు మీద తాతతో చెప్పడం విన్నాను.

"తాతా, ఊళ్లో పదకొండు వందల యాభై మంది ఉన్నారు."

పెదనాన్న చుట్టూ చూశాడు. "మెల్లగా చెప్పు. ఎవరు లెక్కపెట్టినారు?"

"నేనే. మీ నాయన తవ్విన రోజున ఎంతమంది?"

"నూట ముప్పై ఉంటారేమో. ఇంకా తక్కువేనేమో."

"బావి అదే గదా?"

ఆయన బావిలోకి తొంగి చూశాడు. ఆ రోజు మధ్యలో ఒక గిన్నె మునిగిపోయినా చూసుకోలేదు. ఎవరి కాలవలోకో రెండు గిన్నెల నీళ్లు పారాయి. ముప్పై ఆరేళ్లలో ఆయన చేసిన మొదటి తప్పు అదేనని జనం అన్నారు. జనానికి తెలిసింది అంతే.

లెక్క సంగతి బయటపడడానికి రెండు రోజులు పట్టలేదు. ఆ వారమే గాలిబ్ ఇంట్లో నెలల పిల్లాడు విరేచనాలతో పోయాడు. తుప్పు నీళ్ల వల్ల అని మందుల దుకాణం ఆయన అన్నాడు. ఊరు మాత్రం దిష్టి అంది. నూరియా రొట్టెల లెక్క అడగడానికి వెళ్లిన ఇల్లు గదా. పెద్దమ్మ పిల్ల తల చుట్టూ సాంబ్రాణి పొగ తిప్పింది, ఏడు ఇళ్ల మట్టి తెచ్చి దిగదుడిచింది. చాల్లేదు. గాలిబ్ హిజామ్ ఇంటికి వచ్చాడు. కొట్లాటకు కాదు. మర్యాదగా, ఖాత్ కట్ట పట్టుకుని.

నేనూ ఆ మేడగదిలో ఉన్నాను.

"జరిగిందేదో జరిగింది," అన్నాడు గాలిబ్. "నీ పిల్లను మా పెద్దోడికి ఇయ్యి. మా పిల్లను నీ కొడుకు తీసుకోనీ. కుండమార్పిడి పెళ్లి. కన్యాశుల్కం నీకూ లేదు నాకూ లేదు. దిష్టి పెట్టిన చెయ్యి మా ఇంటి రొట్టె కాలిస్తే దిష్టి దానంతటదే పోతాది."

హిజామ్ ఆకు నములుతూ, "రెండు కొత్త పొయ్యిలు," అన్నాడు.

"నీకొకటి, నాకొకటి."

"పండగ అయినాక?"

"పండగ అయినాక."

అంతే మాట. నూరియాకు, ఆమె కంటే ఏడాది పెద్దదైన గాలిబ్ కూతురికి, ఒక్క ఖాత్ ఆకు చప్పరించేంతసేపట్లో ముడిపడిపోయింది.

పెదనాన్నకు ఈ మాట చెప్పింది నేనే. ఆయన నేరుగా కొడుకు దగ్గరికి వచ్చాడు.

"పదమూడేండ్లు రా ఆ పిల్లకు."

"పెళ్లప్పుడు మా అమ్మకెంత?" అన్నాడు హిజామ్.

"మీ అమ్మ పన్నెండేండ్లు పిల్లల్లేక బతికింది. అందుకే బతికింది. ఈ పిల్ల నడుము చూసినావా? జొన్నకర్ర."

"నాయనా, ఇంట్లో పద్నాలుగు మందిమి. రెండు వారాలకు ఒక గిన్నె. ఇంకో వంతు రాకపోతే మేము ఏం తాగాల? నువ్వు పెట్టిందే గదా ఈ కట్టుబాటు. నేనేమన్నా కొత్తగా చేసినానా?"

పెదనాన్న చెప్పులు తొడుక్కున్నాడు. బయటికి వచ్చి నా ట్యాంకర్ మెట్టు మీద కూర్చున్నాడు.

"కట్టుబాటు నాది. నేనే తీసేస్తా," అన్నాడు. "పొయ్యికి వంతు తీసేసి మనిషికింత అని పెడితే కొత్త పొయ్యితో ఎవడికీ పని ఉండదు. పెళ్లికి తొందర ఉండదు. ఆ పిల్ల ఇంకో నాలుగేండ్లు బావి గట్టున కూర్చుంటాది."

"దిష్టి అంటారు పెదనాన్నా."

"అననీ."

ఇక్కడ నా గురించి ఒక మంచి మాట చెప్పుకుంటాను, మళ్లీ అవకాశం రాదు. ట్యాంకర్లో దాచి నూరియాను సనా పట్నంలో ఉన్న మా చెల్లెలింటికి చేరుస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కుండమార్పిడి పెళ్లిలో ఒక పిల్ల పోతే రెండో పిల్ల పరువు గూడా పోయినట్టే. గాలిబ్ తండ్రిని చంపిన పార ఇంకా వాళ్ల ఇంట్లోనే ఉంది, గోడకు ఆనించి. నేను చూసినా."

ఆయన కాదన్నందుకు నా గుండె తేలికపడింది. దాన్ని మంచి మాటల్లో కలపకండి.

తరవాతి శుక్రవారం పద్నాలుగు సంతతుల పెద్దలూ కూర్చున్నారు. పెదనాన్న లేచి నిలబడ్డాడు. బాకు నడుము నుంచి తీసి, ఈసారి తానే వాళ్ల ముందు పెట్టాడు. వయసు అరవై ఎనిమిది.

"ముప్పై ఆరేండ్ల కింద మీ పెద్దోళ్లు నా ముందు బాకులు పెట్టినారు. నేను తప్పు చెప్పినా. పొయ్యిల్ని లెక్కపెట్టినా, మనుషుల్ని లెక్కపెట్టలా. ఆ బావిలో ఇంక నాలుగైదేండ్ల నీళ్లు గూడా లేవు. నా తీర్పు నేను వాపసు తీసుకుంటా. తలకింత అని పంచుకుందాం. కొత్త పొయ్యికి వంతు వద్దు."

అందరూ గాలిబ్ వైపు చూశారు. అతను ఆకు బుగ్గ మార్చుకుని నిదానంగా అన్నాడు.

"పెద్దయ్యా, పిల్లల్లేనప్పుడు తలుపు తీసినావు. నలుగురు కొడుకులు నాలుగు పొయ్యిలు పెట్టుకున్నాక మూస్తానంటున్నావు. మా వెనకాలే మూస్తావా?"

కొందరు నవ్వారు.

"మా నాయన చచ్చి తెచ్చిన తీర్పు అది," అన్నాడు గాలిబ్. "ఊరికే వాపసు ఇయ్యం. ముందు నీ పొయ్యి ఆర్పు. ఆ తరవాత మమ్మల్ని అడుగు."

"ఆర్పితే మీరు ఒప్పుకుంటారా?"

"ఆర్పినోడి మాటకు విలువుంటాది గదా," అన్నాడు ఇంకో పెద్దమనిషి. ఒప్పుకుంటామని ఎవరూ అనలేదు. అందరం విన్నాం. పెదనాన్న ఒక్కడే వినలేదు. ఆయనకు చెవులు పోయాయని చెప్పాను గదా.

ఆ గదిలో రెండు వంతులు తీసుకుంటున్నవాణ్ని నేను. పెదనాన్న నావైపు చూశాడు. నేను నోటినిండా ఆకు పెట్టుకున్నాను, మాట్లాడ్డానికి వీల్లేకుండా.

ఇంటికి వచ్చి గడ్డపార తీశాడు. పెద్దమ్మ అప్పుడు రొట్టెలు కాలుస్తోంది. విషయం విని, కొంగుతో చెమట తుడుచుకుంది.

"ఉండు, హిజామ్ నాయనా. లోపల రెండు రొట్టెలు అంటుకుని ఉన్నాయి."

రెండు రొట్టెలూ తీసి గంపలో వేసింది. ఆయన గడ్డపార ఎత్తి పైఅంచు మీద కొట్టాడు. చిన్న పెళ్ల ఊడింది.

"అక్కడ కాదు," అందామె. "నడుము మీద కొట్టు. అక్కడ మట్టి పలచగా పెట్టినా, వేడి తొందరగా ఎక్కాలని."

ఆయన నడుము మీద కొట్టాడు. పొయ్యి రెండుగా విచ్చుకుని నిప్పులు కాళ్ల మీద పడ్డాయి. ఆమె చెప్పుతో వాటిని తోసేసింది. నలభై ఆరేళ్ల కాపురంలో అది ఆమె కట్టుకున్న మూడో పొయ్యి. "ఇప్పుడు ఎవరింట్లో తిందాం?" అనడిగింది, తినడానికి పిలుపు వచ్చినట్టు మామూలుగా.

నూరియా వాకిట్లో నిలబడి చూసింది. ఆ పిల్ల ముఖంలో అంత సంతోషం అంతకుముందు నేను చూడలేదు. "తాతా, ఇంక అయిపోయినట్టేనా?" అంది.

"ఇంక అయిపోయినట్టే," అన్నాడు పెదనాన్న.

మర్నాడు పొద్దున పెద్దలు బావి దగ్గరికి వచ్చి ఆయన నుదురు ముద్దు పెట్టుకున్నారు, ముప్పై ఆరేళ్ల కింద పెట్టుకున్నట్టే. అంత మనిషి మా ఊళ్లో పుట్టడం మా అదృష్టం అన్నారు. అది అయ్యాక గాలిబ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆరిన పొయ్యి వంతు తరవాతి కొత్త పొయ్యికి పోవాలని తీర్పులో ఉంది గదా పెద్దయ్యా. నీ నోటి మాటే. ఒక వంతు ఇప్పుడు ఖాళీ అయింది. దానికి పండగ దాకా ఆగడం దేనికి?"

"నేను తీర్పు వాపసు తీసుకున్నా గదా."

"తీసుకుంటానన్నావు. పద్నాలుగు సంతతులూ ఒప్పుకుంటేనే వాపసు. నిన్న ఒప్పుకున్నది ఎవరు? నేను చూళ్లేదు."

పెదనాన్న ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఒకరు చెప్పు దులుపుకున్నారు, ఒకరికి దగ్గొచ్చింది. హిజామ్ తండ్రి వైపు తిరగలేదు. ఆ మాటకొస్తే, కొడుకు ఎదురు తిరగలేదు, అరవలేదు. తండ్రి వదిలేసిన వంతు తన వియ్యంకుడికి పోతోంది. తన వంతు ఎప్పుడు వస్తుందా అని ఆలోచిస్తున్నాడు.

గురువారమే పెళ్లి పెట్టారు.

పెళ్లికి నీళ్లు నా ట్యాంకర్లోవే. రెండు ట్యాంకర్లు పోశాను. గొర్రెల్ని కోశారు, అసీద్ సంకటి ముద్దలు, మెంతుల పులుసు, అన్నీ బాగానే ఉన్నాయి. నూరియాకు చేతుల నిండా నల్ల రంగు ముగ్గులు వేశారు. పల్లకీ లాంటిదేం లేదు, గాలిబ్ ఇల్లు నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగులూ నడిచి దాటింది. నన్ను దాటుకుంటూ వెళ్తున్నప్పుడు ఎక్కం ఏమైనా అడుగుతుందేమో అనుకున్నాను. తల వంచుకుని వెళ్లిపోయింది. అదే పూట గాలిబ్ కూతురు ఇటు వచ్చింది, ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లతో.

ఎవరో ఒకరు అన్నారు, పెద్దాయన నీరుగంటి పని మానేస్తాడేమోనని. మానలేదు. ఆయన తప్ప ఎవరు పట్టుకున్నా గిన్నె మీద నమ్మకం ఉండదు. నమ్మకం పోతే మళ్లీ పారలు లేస్తాయి. అందుకని రోజూ వచ్చి కూర్చున్నాడు. గుటక చప్పుడు వినడానికి ఎవరూ లేరు గనక గిన్నె మీద నుంచి కళ్లు తీసేవాడు కాదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా కాలిపోయినట్టుండేవి.

పెళ్లయిన పదిహేడో రోజున కొత్త పొయ్యికి మొదటి వంతు వచ్చింది. కొత్త ఇంటికి కాలవ ఇంకా తీయలేదు, అందుకని నూరియా రెండు పసుప్పచ్చ నూనె డబ్బాలు తెచ్చుకుంది. నేను అక్కడే ఇంజన్‌కు డీజిల్ పోస్తున్నాను. ఆ పిల్ల ముసుగు సరిగా నిలవడం లేదు, మాటిమాటికీ సర్దుకుంటోంది. తాత ఎలా ఉన్నావని అడగలేదు. మణికట్టు మీద రొట్టె పొయ్యి కాల్చిన మచ్చ ఒకటి కొత్తగా ఉంది.

ఆయన గిన్నె తేలవేశాడు. గొట్టం నుంచి మొదట తుప్పు నీళ్లు, తరవాత తేట నీళ్లు వచ్చాయి. ఒక డబ్బా నిండింది. రెండో డబ్బా మూతి కింద పెట్టగానే గొట్టం దగ్గినట్టు చప్పుడు చేసింది. నీళ్లతో పాటు ఇసక, ఇసకతో పాటు గాలి. ఆ తరవాత గాలి ఒక్కటే. గిన్నె ఇంకా సగం కూడా మునగలేదు.

"గాలి వస్తోంది తాతా."

"ఉండు. మళ్లీ వస్తాది."

ఇంజన్ను పది నిమిషాలు ఆపాడు, మళ్లీ వేశాడు. నేను పైపు కదిపి చూశాను, వాల్వు విప్పి చూశాను. వెనక తరవాతి వంతులవాళ్లు మడవ దగ్గర నిలబడి చూస్తున్నారు. గొట్టం వేడి గాలి ఊదుతూనే ఉంది, మూడు వందల ఇరవై మీటర్ల అడుగు నుంచి.

"నీ వంతు ఇంకా సగం ఉంది," అన్నాడు పెదనాన్న. "నిలబడు. ఇచ్చేదాకా ఇంజన్ ఆపను."

"చాల్లే తాతా," అంది నూరియా. "ఇప్పటికి మేము ఇద్దరమే గదా."

నిండిన డబ్బాను తలకెత్తుకోవడానికి నేను సాయం పట్టాను. ఖాళీ డబ్బాకు ఆ పిల్ల మూత గట్టిగా బిగించింది, అది ఖాళీ అని అత్తకు కనబడకుండా. దాన్ని చంకన పెట్టుకుని, రెండూ బరువుగా ఉన్నట్టు ఒక పక్కకు వంగి నడుచుకుంటూ గాలిబ్ ఇంటికి వెళ్లిపోయింది.